గుల్లలో ఉన్నది స్టిల్బైటా, హ్యూలాండైటా? తెలిసినవాళ్ళు చెప్పండి

గుల్లరాయి:

అందరికీ నమస్తే. అరచేతిలో పట్టేంత నల్లరాయి ముక్క ఒకటి నా దగ్గర ఉంది, బసాల్ట్ (లావా గడ్డకట్టిన రాయి) అనే అనుకుంటున్నా. మధ్యలో ఒక గుల్ల. గుల్ల లోపలి గోడకి పల్చగా ముదురాకుపచ్చ పొర, దాని మీద పీచ్ రంగు స్ఫటికాలు. కొన్ని పలకల్లా విడిగా నిలబడి ఉన్నాయి, ఎక్కువ భాగం మాత్రం నడుం దగ్గర బిగించి కట్టిన గడ్డిమోపులా రెండు పక్కలా విచ్చుకుని ఉన్నాయి. పలకల వెడల్పు ముఖం మీద ముత్యపు మెరుపు ఉంది, మిగతా ముఖాలు గాజులా ఉన్నాయి.

వెతికితే ఇలాంటి ఫోటోలకే ఒకచోట స్టిల్బైట్ అని, ఒకచోట హ్యూలాండైట్ అని, ఇంకోచోట ఉత్త జియోలైట్ అని రాసి ఉంది. మూడూ ఒకటేనా? ల్యాబ్‌కి పోకుండా తేల్చుకునే దారి ఏదైనా ఉందా? ఈ రాళ్ళలో నీళ్ళుంటాయి అంటారు కదా, అవి ఎక్కడుంటాయి? (ఒక చిన్న పలక విరిగింది, లోపల తడి ఏమీ లేదు.) అసలు ఇవి ప్రపంచంలో ఎక్కడెక్కడ దొరుకుతాయి, ఫోటోల్లో ఎప్పుడు చూసినా నల్లరాయి మీదే ఎందుకుంటాయి? కెమిస్ట్రీ కొంచెం వచ్చు, కాబట్టి మరీ కుదించి చెప్పకండి.

పలుగుమొన:

ముందు పేర్ల గొడవ తేల్చేద్దాం. జియోలైట్ అనేది కుటుంబం పేరు, స్టిల్బైట్, హ్యూలాండైట్ ఆ కుటుంబంలోని రెండు వేర్వేరు ఖనిజాలు. ప్రకృతిలో దొరికే జియోలైట్లు 60కి పైనే ఉన్నాయి, అందుకని ఉత్త జియోలైట్ అని రాసిన లేబుల్ తప్పు కాదు గానీ దేనికీ పనికిరాదు.

మీరు చెప్పిన దాన్ని బట్టి నా ఓటు స్టిల్బైట్‌కే. ఆ మోపు ఆకారమే కారణం. స్టిల్బైట్ స్ఫటికం ఒంటరిగా పెరగడం తక్కువ, ఒకే పలక అనిపించేది కూడా చాలాసార్లు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకున్న జంట స్ఫటికమే, అలాంటివి కొద్దికొద్దిగా కోణం మారుతూ పక్కపక్కన పేరుకుంటూ పోతే నడుం సన్నగా, చివరలు విప్పారినట్టు తయారవుతుంది. హ్యూలాండైట్ అలా విచ్చుకోదు. దాని పలకలు విడివిడిగా, మధ్యలో వెడల్పుగా, రెండు కొసల వైపు సన్నబడుతూ ఉంటాయి, పుస్తకాల్లో శవపేటిక ఆకారం అని రాసేది దాన్నే. మీ రాయిలో విడిగా నిలబడిన పలకలు ఉన్నాయన్నారు కదా, వాటిని ఒకసారి భూతద్దంతో చూడండి. ఒకే గుల్లలో రెండూ ఉండటం మామూలే.

మిగతా గుర్తులు ఈ రెండింటి మధ్య పెద్దగా సాయపడవు, అదే చిక్కు. గట్టిదనం రెండింటికీ మోహ్స్ స్కేలు మీద 3.5 నుంచి 4. సాపేక్ష సాంద్రత రెండింటికీ 2.2 దగ్గర్లోనే. రెండూ ఒకే దిశలో చాలా తేలిగ్గా చీలతాయి, చీలిన ముఖం మీద రెండింటికీ ముత్యపు మెరుపే. రంగునైతే అస్సలు నమ్మొద్దు. స్వచ్ఛంగా ఉంటే రెండూ తెలుపు, లేదా ఏ రంగూ లేనివే, ఈ పీచ్, ఎరుపు, ఇటుక రంగులు సాధారణంగా లోపల ఇరుక్కున్న ఇనుప ఆక్సైడ్ నలుసుల వల్ల వస్తాయి.

అసలు 1800ల మొదట్లో కూడా రెండింటినీ కలిపి స్టిల్బైట్ అనేవాళ్ళు. 1818లో బ్రైథాప్ట్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త విడదీశాడు, 1822లో ఇంగ్లండ్‌కి చెందిన బ్రూక్, హెన్రీ హ్యూలాండ్ అనే సేకర్త పేరు మీద రెండోదానికి హ్యూలాండైట్ అని పెట్టాడు. దీనివల్ల పాత జర్మన్ లేబుళ్ళతో ఇప్పటికీ తలనొప్పే, వాళ్ళు మన స్టిల్బైట్‌ని డెస్మిన్ అని, హ్యూలాండైట్‌ని స్టిల్బైట్ అని రాసేవాళ్ళు.

ఇంట్లో చేసే పరీక్షలు ఏది కాదో చెప్పడానికి బాగా పనికొస్తాయి. గాజు మీద గీత పడితే అది క్వార్ట్జ్, జియోలైట్ కాదు. గోటితో గీత పడితే జిప్సం. పొడి చేసిన నలుసు మీద వెనిగర్ చుక్క వేస్తే బుడగలొస్తే కాల్సైట్, పైగా కాల్సైట్ మూడు దిశల్లో వాలు డబ్బాల్లా చీలుతుంది, మీది ఒకే దిశలో పలకగా చీలింది. బాగా మోసం చేసేది అపోఫిలైట్. అదే గుల్లల్లో, అదే ముత్యపు మెరుపుతో, చాలాసార్లు స్టిల్బైట్ భుజం మీదే కూర్చుని ఉంటుంది. కానీ దాని అడ్డుకోత చతురస్రంగా ఉంటుంది, కొంచెం గట్టిది (4.5 నుంచి 5), ముత్యపు మెరుపు పక్క ముఖం మీద కాకుండా స్ఫటికం కొసన, నెత్తి మీద కనిపిస్తుంది. జియోలైట్లతో కలిపి చూపిస్తారు గానీ అపోఫిలైట్ జియోలైట్ కాదు. అందులో అల్యూమినియం లేదు, నిర్మాణం కూడా జియోలైట్లలా మూడు వైపులా అల్లుకున్న చట్రం కాదు, పొరలు పొరలుగా ఉంటుంది.

నీళ్ళలో తూచి సాంద్రత కట్టడం కూడా ఒక దారే, కాల్సైట్ (2.71), క్వార్ట్జ్ (2.65) నుంచి జియోలైట్‌ని అది స్పష్టంగా విడదీస్తుంది. కాకపోతే నల్లరాయి అంటుకుని ఉంటే లెక్క చెడుతుంది, విరిగిన పలక ఒక్కటే అయితే మామూలు త్రాసుకి అందదు.

సన్నసూది:

పలుగుమొన గారు చెప్పిన దాంట్లో ఒక్కచోట ఆగుతాను. హ్యూలాండైట్ కాదు అనేవరకు సరే. స్టిల్బైట్ అని రాసేముందు స్టెల్లరైట్‌ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రెండింటి చట్రం ఒకటే. స్టిల్బైట్‌లో కాల్షియంతో పాటు కొంత సోడియం ఉంటుంది, స్టెల్లరైట్‌లో దాదాపు అంతా కాల్షియమే, దానివల్ల స్ఫటిక సౌష్ఠవం కూడా కొంచెం మారుతుంది. కంటితో చూసి స్టెల్లరైట్ కాదని చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు, ఎంత అనుభవం ఉన్నా సరే. మోపులా విచ్చుకుంటే స్టిల్బైట్, పలకలు విడిగా లేదా బంతిలా గుండ్రంగా పేరుకుంటే స్టెల్లరైట్ అని ఒక వాడుక ఉంది, అది ఊహకి పనికొస్తుంది, రుజువుకి కాదు. ఎక్స్‌రే డిఫ్రాక్షనో (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష), రసాయన విశ్లేషణో ఉండాలి. ఇంకా చెప్పాలంటే 1997లో అంతర్జాతీయ ఖనిజ శాస్త్ర సంఘం జియోలైట్ల పేర్లు సవరించినప్పుడు స్టిల్బైట్‌ని కూడా రెండు చేసింది, కాల్షియం ఎక్కువున్నది స్టిల్బైట్-కాల్షియం, సోడియం ఎక్కువున్నది స్టిల్బైట్-సోడియం. దొరికేదాంట్లో అత్యధికం మొదటిదే.

ఇక నీళ్ళు. గుల్లరాయి గారూ, తడి కోసం చూడకండి, అది ద్రవంగా లేదు.

సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, ఆ మూల ఆక్సిజన్‌ని పక్క సిలికాన్‌తో పంచుకుంటూ పోతే మూడు దిశల్లోనూ అల్లుకున్న చట్రం వస్తుంది. క్వార్ట్జ్‌లో జరిగేదీ ఇదే, కానీ క్వార్ట్జ్ చట్రం బిగుతు, జియోలైట్ చట్రం వదులు, మధ్యలో సొరంగాలు మిగులుతాయి. పైగా కొన్నిచోట్ల సిలికాన్ బదులు అల్యూమినియం కూర్చుంటుంది. అల్యూమినియానికి ఒక ధనావేశం తక్కువ, ఆ లోటు పూడ్చడానికి సోడియం, కాల్షియం లాంటి అయాన్లు సొరంగాల్లోకి చేరతాయి, వాటి చుట్టూ నీటి అణువులు ఉంటాయి. స్టిల్బైట్‌లో 72 ఆక్సిజన్ల చట్రానికి 27 సిలికాన్లు, 9 అల్యూమినియాలు, 4 కాల్షియాలు, 1 సోడియం, సుమారు 28 నీటి అణువులు. (ఆవేశం లెక్క చూడండి: 4 కాల్షియాలకి 8, సోడియానికి 1, మొత్తం 9, సరిగ్గా అల్యూమినియాల లోటుకి సరిపోయింది.) బరువులో చూస్తే నీరు దాదాపు 18 శాతం. అంటే 100 గ్రాముల స్టిల్బైట్‌లో 18 గ్రాముల దాకా నీరే, అయినా రాయి ముట్టుకుంటే పొడిగా ఉంటుంది.

ఆ నీరు చట్రంలో భాగం కాదు, సొరంగంలో నివాసి మాత్రమే. వేడి చేస్తే పోతుంది, చట్రం కూలదు, చల్లారాక గాలిలో తేమ నుంచి మళ్ళీ తెచ్చుకుంటుంది. దీనికి హద్దు ఉంది, బాగా కాలిస్తే చట్రమే మెలితిరిగి మారిపోతుంది, ఇక వెనక్కి రాదు. 1756లో స్వీడన్‌కి చెందిన క్రోన్‌స్టెట్ (నికెల్‌ని కనిపెట్టింది కూడా ఈయనే) ఊదుగొట్టం మంటలో ఒక రాయిని వేడి చేస్తే అది బుసబుసా పొంగింది, ఆ పొంగు చూసే ఈ కుటుంబాన్ని విడిగా గుర్తించాడు. ఆయన వాడిన ఉత్తర స్వీడన్ రాయి ఏ ఖనిజమో తర్వాతివాళ్ళు పరీక్షిస్తే తేలింది ఏంటంటే, అది స్టెల్లరైట్, స్టిల్బైట్ కలిసినది. అందుకే నేను స్టెల్లరైట్ గురించి ఇంత పట్టుబట్టేది! ఆ తర్వాత 1840లో ఫ్రాన్స్‌లో డామూర్ నీరు పోవడం, తిరిగి రావడం స్ఫటికం చెడకుండానే జరుగుతుందని చూపించాడు. 1858లో ఐఖ్‌హార్న్ నీరే కాదు, లోపలి సోడియం, కాల్షియం కూడా బయటి ద్రావణంలోని వాటితో మారగలవని, అదీ రెండు వైపులా మారగలవని చూపించాడు. ఈనాటి జియోలైట్ పరిశ్రమ మొత్తం ఈ రెండు గుణాల మీదే నిలబడి ఉంది.

చీలిక సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. స్టిల్బైట్ చట్రంలో బంధాలు దట్టంగా ఉన్న పొరలు, వాటి మధ్య పల్చటి లంకెలు ఉంటాయి, సొరంగాలు ఆ పొరలకి సమాంతరంగానే పోతాయి. అందుకే మీ పలక ఆ ఒక్క దిశలోనే విరిగింది, మెరుపు ఆ ముఖం మీదే ఉంది. హ్యూలాండైట్‌లోనూ దాదాపు ఇదే ఏర్పాటు, ఆ రెండింటికీ పోలిక రావడానికి కారణం అదే.

గుల్లరాయి:

బాగా అర్థమైంది, ఇద్దరికీ థాంక్స్. వెనిగర్ పరీక్ష చేశా, పొడి మీద కూడా బుడగల్లేవు. గాజు మీద గీత పడలేదు. విడిగా ఉన్న పలకలు భూతద్దంలో చూస్తే కొసలు సన్నబడినట్టు లేవు, దీర్ఘచతురస్రంలా ఉన్నాయి, కొస మాత్రం కొంచెం గూటి కప్పులా వాలి ఉంది. ఇంకో సంగతి, గుల్లలో ఒక మూల తెల్లటి సన్న సూదుల గుచ్ఛం ఉంది, అవి పీచ్ స్ఫటికాల మీద నుంచి మొలిచినట్టున్నాయి. అదేంటి? ఎక్కడ దొరుకుతాయి అన్న ప్రశ్న కూడా మిగిలిపోయింది.

లావామెట్టు:

ఎక్కడ అన్నది నాకు వదిలేయండి, ఇది నాకు ఇష్టమైన భాగం.

లావా పారినప్పుడు లోపలి వాయువులు పైకి తేలతాయి. ఒక ప్రవాహం పై భాగంలో బుడగలు ఎక్కువగా, అడుగున కొంచెం చిక్కుకుపోతాయి, నడిమి భాగం గట్టిగా, గుల్లలు లేకుండా చల్లారుతుంది. దాని మీద ఇంకో ప్రవాహం, దాని మీద ఇంకోటి. తర్వాత వాననీరు, భూగర్భజలం పగుళ్ళలోంచి దిగి, లోపల వెచ్చబడి, బసాల్ట్‌లోని గాజునీ (స్ఫటికం కట్టకుండానే గట్టిపడిన లావా) ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్నీ నెమ్మదిగా కరిగిస్తుంది. అలా కరిగేకొద్దీ నీరు క్షారంగా మారుతుంది, అందులో సిలికా, అల్యూమినియం, కాల్షియం, సోడియం చేరతాయి. జియోలైట్‌కి కావలసిన సరుకంతా అదే! ఖాళీ బుడగ దొరికితే అక్కడ గోడకి పట్టడం మొదలవుతుంది. నల్లరాయిలోనే ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు ఇదే: గుల్ల, తేలిగ్గా కరిగే గాజు, కాల్షియం, మూడూ ఒకేచోట ఉన్న రాయి అది. మీ ఆకుపచ్చ పొర చాలావరకు సెలడోనైట్ లేదా అలాంటి మట్టి ఖనిజం అయి ఉంటుంది, గోడకి ముందు పట్టేది అదే, జియోలైట్లు దాని మీద వస్తాయి.

అలాగని బసాల్ట్ ఒక్కటే కాదు. జర్మనీ హార్ట్జ్ కొండల్లోని ఆండ్రియాస్‌బెర్గ్‌లో ఖనిజ సిరల్లో స్టిల్బైట్ దొరికింది, స్విట్జర్లాండ్ ఆల్ప్స్‌లో నైస్ రాళ్ళ పగుళ్ళలో ఉంది, గ్రానైట్, పెగ్మటైట్ (పెద్ద స్ఫటికాలున్న గ్రానైట్ లాంటి రాయి) లోపలి ఖాళీల్లోనూ అప్పుడప్పుడు కనిపిస్తుంది. బాగా పెద్దవి, అందమైనవి మాత్రం లావా మెట్లలోనే.

ఇక నాకు ఈ ఖనిజంలో అన్నిటికంటే నచ్చేది: ఏ జియోలైట్ ఉందో చూసి అక్కడ ఒకప్పుడు ఎంత వేడి ఉండేదో చెప్పొచ్చు. ఐస్‌ల్యాండ్‌లో ఇప్పటికీ వేడినీళ్ళు నడుస్తున్న చోట్ల బోర్లు వేసి కొలిచారు. సుమారు 70 డిగ్రీల సెల్సియస్ లోపు చాబజైట్, 70 నుంచి 90 మధ్య మెసోలైట్, స్కోలెసైట్, 90 నుంచి 110 మధ్య స్టిల్బైట్, ఆపైన 230 దాకా లామోంటైట్. అంతకంటే వేడెక్కితే మామూలు జియోలైట్లు నిలవవు. ఇంతకుముందే, 1960లో, జార్జ్ వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త తూర్పు ఐస్‌ల్యాండ్ కొండల్లో జియోలైట్లని మ్యాప్ చేస్తే వింత కనిపించింది. లావా పొరలు వాలుగా ఉన్నాయి, జియోలైట్ పట్టీలు మాత్రం దాదాపు సమతలంగా, లావా పొరల్ని అడ్డంగా కోస్తూ పోతున్నాయి. అంటే లావా అంతా పేర్చబడి ఒరిగాక, అప్పటి లోతుని బట్టి ఖనిజాలు ఏర్పడ్డాయి. దాన్ని బట్టి పైన ఎంత మందం కొండ కొట్టుకుపోయిందో కూడా లెక్క కట్టాడు. ఒక్క పరికరం లేకుండా, గుల్లలు చూసుకుంటూ!

ఈ డిగ్రీలు అచ్చంగా ఐస్‌ల్యాండ్‌వి అని గుర్తుంచుకోండి, వేరేచోట నీటి రసాయనం మారితే కొంచెం అటూ ఇటూ అవుతాయి. సిలికా దండిగా ఉన్న నీటిలో స్టిల్బైట్, హ్యూలాండైట్ వస్తాయి, సిలికా తక్కువైతే స్కోలెసైట్, థామ్సనైట్ లాంటివి.

దొరికే చోట్లంటే మొదట చెప్పాల్సింది దక్కన్ ట్రాప్స్. 6.6 కోట్ల ఏళ్ళ నాటి లావా, ఇప్పటికి మిగిలినదే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు, పశ్చిమ కనుమల్లో 2 కిలోమీటర్లకి మించిన మందం. పుణె, నాసిక్, జల్గావ్, ఔరంగాబాద్ చుట్టుపక్కల కంకర క్వారీల్లో, బావులు తవ్వేటప్పుడు, రోడ్డు కోతల్లో, సొరంగాల్లో బయటపడతాయి. ప్రపంచంలో ఏ పెద్ద మ్యూజియంలో జియోలైట్ల బల్ల ముందు నిలబడినా మహారాష్ట్ర ముక్క కనిపించకపోవడం అరుదు. 1800ల్లోనే భోర్ ఘాట్‌లో రైలు దారి కోసం కొండ తొలిచినప్పుడు వచ్చిన స్ఫటికాలు యూరప్ చేరి పేరు తెచ్చుకున్నాయి. పుణె దగ్గర వాఘోలీ క్వారీల్లో స్టిల్బైట్ మీద నీలం గుత్తుల్లా కావన్సైట్ అనే అరుదైన ఖనిజం దొరుకుతుంది, అది కాల్షియం, వనేడియం ఉన్న సిలికేట్, జియోలైట్ కాదు, కానీ పీచ్ రంగు మీద ఆ నీలం చూస్తే మాత్రం మర్చిపోలేం. దక్కన్ లావా తూర్పు అంచు తెలంగాణలో ఆదిలాబాద్, వికారాబాద్ వైపు దాకా వస్తుంది. రాజమండ్రి దగ్గర గోదావరికి అటూ ఇటూ కూడా అదే కాలపు బసాల్ట్ ఉంది, అసలు లావా మైదానానికి ఎంతో దూరంలో. పశ్చిమాన పుట్టిన లావాయే నదీ లోయలు పట్టుకుని సుమారు 1000 కిలోమీటర్లు పారి అక్కడికి చేరిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం. (జియోలైట్లకి దీనికి సంబంధం తక్కువే, చెప్పకుండా ఉండలేకపోయాను.)

మిగతావి త్వరగా. తూర్పు ఐస్‌ల్యాండ్ బెరుఫ్యోర్దుర్ తీరంలో టైగార్‌హోర్న్, 1975 నుంచి రక్షిత ప్రదేశం, చూడొచ్చు గానీ ఏరుకోకూడదు. ఫారో దీవులు, స్కాట్లాండ్‌లో స్కై దీవి. కెనడాలో నోవా స్కోషియా, అక్కడ స్టిల్బైట్ ఆ రాష్ట్ర అధికారిక ఖనిజం, ఫండీ అఖాతంలో విపరీతమైన ఆటుపోట్లు బసాల్ట్ గోడల్ని కోస్తుంటే కొత్త గుల్లలు తెరుచుకుంటూ ఉంటాయి. అమెరికాలో న్యూజెర్సీ పాటర్సన్ ప్రాంతం, బ్రెజిల్‌లో రియో గ్రాండే దో సుల్. ఎర్రటి హ్యూలాండైట్ కావాలంటే ఇటలీ ఫాస్సా లోయ.

మీ తెల్ల సూదులు స్కోలెసైట్ గానీ మెసోలైట్ గానీ నాట్రోలైట్ గానీ అయి ఉండాలి. స్టిల్బైట్ మీద నుంచి మొలిచాయంటే తర్వాత వచ్చాయి అన్నమాట, నీరు కొంచెం చల్లబడి ఉండొచ్చు, లేదా అందులో సిలికా తగ్గి ఉండొచ్చు. గోడ నుంచి మధ్యకి ఏది దేని మీద కూర్చుందో వరసగా రాసుకుంటే ఆ గుల్ల చరిత్ర మొత్తం అందులోనే ఉంటుంది.

నీటిబొట్టు:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నీళ్ళ ఫిల్టర్లలో, సబ్బు పొడిలో, చేపల తొట్టిలో వేసే జియోలైట్ కూడా ఈ స్టిల్బైటేనా? జియోలైట్ పొడి నీళ్ళలో కలుపుకుని తాగితే ఒంట్లో విషాలు పోతాయని కూడా ప్రచారం నడుస్తోంది, నిజమా?

సన్నసూది:

స్టిల్బైట్ కాదండీ. గుల్లల్లో పట్టిన స్ఫటికాలు చూడ్డానికి బాగుంటాయి, టన్నుల లెక్కన తవ్వడానికి కాదు. పరిశ్రమకి వాడే సహజ జియోలైట్‌లో ఎక్కువ భాగం క్లైనోప్టిలోలైట్. అది హ్యూలాండైట్‌కి తోబుట్టువు, చట్రం ఒకటే, సిలికాన్‌కి అల్యూమినియానికి ఉన్న నిష్పత్తి 4 లోపు ఉంటే హ్యూలాండైట్, 4 గానీ పైన గానీ ఉంటే క్లైనోప్టిలోలైట్. సిలికా ఎక్కువవడంతో వేడిని బాగా తట్టుకుంటుంది, 450 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే మామూలు హ్యూలాండైట్ చట్రం కూలిపోతుంది, క్లైనోప్టిలోలైట్ నిలబడుతుంది, చాలాకాలం ఆ రెండింటినీ విడదీసే పరీక్ష అదే. ఇది గుల్లల్లో కాదు, అగ్నిపర్వత బూడిద పొరలు ఉప్పు సరస్సుల్లోనో భూగర్భజలంలోనో మార్పు చెంది మొత్తం పొరలకి పొరలే జియోలైట్ అయిపోయిన చోట దొరుకుతుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాలు, టర్కీ, స్లొవాకియా, బల్గేరియా, క్యూబా లాంటివి. కంటికి సుద్దరాయిలా ఉంటుంది, అందం ఏమీ ఉండదు. అమ్మోనియం, సీజియం అయాన్లని ఇష్టంగా పట్టుకుంటుంది, అందుకే చేపల తొట్టిలోనూ అదే, చెర్నోబిల్ ప్రమాదం తర్వాత రేడియోధార్మిక సీజియాన్ని ఆపడానికి వాడిందీ అదే. సబ్బు పొడిలోది, పెట్రోలు శుద్ధిలోది ఫ్యాక్టరీలో తయారుచేసిన కృత్రిమ జియోలైట్.

తాగడం గురించి నా మాట సూటిగానే చెప్తాను, వద్దు. అయాన్లు మార్చుకునే రాయికి మంచి చెడూ తెలియదు, లోపల తనకి ఏది నచ్చితే అది పట్టుకుంటుంది, తనలో ఉన్నది వదులుతుంది, తవ్విన చోటుని బట్టి ఆ వదిలేదాంట్లో సీసం కూడా ఉండొచ్చు. ఒంట్లో విషాలు తీస్తుందన్న ప్రచారానికి నమ్మదగిన ఆధారం లేదు. ఆరోగ్య సమస్య ఉంటే డాక్టర్ని అడగండి.

ఇంకో హెచ్చరిక, దీన్ని ఎవరూ చెప్పరు. జియోలైట్లలో ఎరియోనైట్ అని ఒకటుంది, ఉన్నిలాంటి సన్నటి పీచు. టర్కీలో కప్పడోకియా ప్రాంతంలోని కరైన్, తుజ్‌కోయ్ లాంటి ఊళ్ళలో ఆ పీచు ఉన్న రాతితో ఇళ్ళు కట్టుకున్న జనంలో మెసోథీలియోమా అనే ఊపిరితిత్తుల పొర క్యాన్సర్ భయంకరంగా ఎక్కువ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని ఆస్బెస్టాస్‌తో పాటు మొదటి వర్గంలో (మనిషికి క్యాన్సర్ తెస్తుందని తేలినవాటిలో) పెట్టింది. గుల్లరాయి గారి సూదులు గట్టిగా, విడివిడిగా నిలబడి ఉన్నవైతే స్కోలెసైట్ కోవలోవే, భయం లేదు. కానీ ఏ గుల్లలోనైనా దూదిలాంటి మెత్తటి తెల్లటి పీచు కనిపిస్తే దువ్వకండి, ఊదకండి, డబ్బాలో మూసిపెట్టండి.

పలుగుమొన:

ఎరియోనైట్ సంగతి చెప్పడం మంచిదైంది.

గుల్లరాయి గారూ, గూటి కప్పులా వాలిన కొస అన్నారు కదా, అది స్టిల్బైట్ వైపే, హ్యూలాండైట్ వదిలేయొచ్చు. స్టెల్లరైట్ విషయంలో సన్నసూది గారితో వాదించను.

రాయి జాగ్రత్తల గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను, ఎందుకంటే బాగున్న ముక్కలు పాడయ్యేది ఎక్కువ కడిగేటప్పుడే. మామూలు నీళ్ళు, మెత్తటి బ్రష్ చాలు, సూదుల జోలికి మాత్రం బ్రష్ కూడా వద్దు. అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో పెట్టకండి, అంత తేలిగ్గా చీలే ఖనిజం పలకలుగా ఊడొస్తుంది. మీద కాల్సైట్ ఉంటే తీసేద్దామని హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడేవాళ్ళున్నారు, ఆ యాసిడ్‌లో స్టిల్బైట్ కూడా చెడిపోతుంది, అల్యూమినియం, కాల్షియం కరిగిపోయి సిలికా బురద మిగులుతుంది. స్కోలెసైట్, నాట్రోలైట్ అయితే ఇంకా ఘోరం, జెల్లీ అయిపోతాయి. వేడి లైటు కింద రోజుల తరబడి పెట్టొద్దు. మామూలు గదిలో స్టిల్బైట్‌కి ఏమీ కాదు. లామోంటైట్ ఉంటేనే టెన్షన్, అది పొడి గాలిలో ఊరికే ఉన్నా కొంత నీరు వదిలేసి తెల్లబడి, కొన్నాళ్ళకి పొడిపొడిగా రాలిపోతుంది. మీ గుల్లలో సుద్దలా రాలుతున్న తెల్ల కడ్డీలు ఏమైనా ఉన్నాయా?

గుల్లరాయి:

లేవండి, రాలేది ఏమీ లేదు. సూదులు గట్టిగా, మెరుస్తూ ఉన్నాయి, పీచు కాదు. అయితే లేబుల్ మీద ఏం రాయమంటారు? ఇద్దరూ ఒప్పుకునేది చెప్పండి. ఈ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇచ్చినవాళ్ళు ఒక కాగితం మీద రాసిచ్చారు, అది ఇంకా ఉంది.

సన్నసూది:

'స్టిల్బైట్ వర్గం, దాని మీద స్కోలెసైట్ లేదా మెసోలైట్, పరీక్షించలేదు' అని రాయండి. ఆ కాగితాన్ని పారేయకుండా లేబుల్‌తో పాటే డబ్బాలో ఉంచండి. ఖనిజం పేరు రేపు ఎక్స్‌రేతో ఎప్పుడైనా తేల్చుకోవచ్చు, దొరికిన చోటు పోతే ఏ ల్యాబూ తిరిగి చెప్పలేదు. ఆ విరిగిన పలకని కూడా చిన్న సీసాలో వేసి ఉంచండి, ఎవరైనా పరీక్ష చేస్తామంటే పెద్ద ముక్కని ముట్టుకోకుండా అది ఇవ్వొచ్చు.

లావామెట్టు:

ఆకుపచ్చ పొర, పీచ్ పలకలు, తెల్ల సూదులు అని వరస కూడా రాయండి. స్కోలెసైటా, మెసోలైటా అన్నది పలక అవసరం లేకుండా ఒక్క సూది ముక్కతో తేలుతుంది, ధ్రువిత కాంతి మైక్రోస్కోప్ ఉన్నవాళ్ళెవరైనా తెలిస్తే అడగండి, నాట్రోలైట్ అవునో కాదో అయినా వెంటనే చెప్పేస్తారు.